ఎడమ అంచు

1977 నవంబరు 6, ఆదివారం
హమానో

పడమటి గాలి. మధ్యాహ్నం దాకా ముసురు, తర్వాత తెరిపి. ఇంటికి సముద్రంవైపు రెల్లు తడికెలు కట్టడం పూర్తయింది.

కినుయె అక్కయ్యకు,

తడికెలు ఈ ఏడు కొంచెం ముందే కట్టాను. సముద్రం రంగు చూస్తే చలి తొందరగా వచ్చేట్టుంది. అమ్మ కులాసా. ముల్లంగి దుంపలు తాళ్లకు గుచ్చి ఎండేయడానికి చూరుకు కట్టింది. నేను కడతానంటే, "నువ్వు కడితే తాగినవాళ్లు నిలబడ్డట్టుంటాయి" అని నిచ్చెన ఎక్కబోయింది. నిచ్చెన దాచేశాను. పక్కింటి టోఫు కొట్టువాళ్ల పిల్లి మళ్లీ అలవాటు పడింది. చేపలు ఎండేసే జాలీ పెట్టెకు ఒక మూల చిల్లు చేసింది. దాన్ని కూడా ఇవాళే కుట్టాను.

రెండు సంగతులు ఉన్నాయి.

పట్నంలో ఒబా గారి కెమెరా కొట్టు నీకు గుర్తుండే ఉంటుంది. నాకు ఫొటో కాగితం, మందులు అక్కడినుంచే వస్తాయి. ఆయన తన కొట్టు మేడమీది గదిని ఏప్రిల్లో ఒక వారం నాకిస్తానన్నాడు. నా ఫొటోలు గోడలకు పెట్టుకోవచ్చు. నేను అడగలేదు, ఆయనే అన్నాడు. సరేనన్నాను. ఇన్నేళ్లుగా తీసినవి ఒకచోట కలిసి ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఏప్రిల్లోనే అమ్మ ఎనభై ఎనిమిదో ఏటి వేడుక. నువ్వూ, బావగారూ, ఫుసా పిన్నీ ఒసాకా నుంచి ఎలాగూ రావాలి. రెండూ ఒకే వారంలో పెట్టుకుంటే మీకు ఒక ప్రయాణంతో సరిపోతుంది.

దీనితోబాటు అమ్మ ఫొటో ఒకటి పంపుతున్నాను. ఎండలు తగ్గే రోజుల్లో మన పెరట్లో తీసింది. గదిలోకి రాగానే కనిపించే గోడ మీద ఇదే పెడతాను. ఫొటో గురించి రాయడానికేమీ లేదు. చూడు.

నీళ్లు కాగాయి. అమ్మ స్నానానికి లేస్తోంది.

తమ్ముడు
ఇసాబురో

*

1977 నవంబరు 14
ఒసాకా

ఒరే ఇసాబురో,

ఆశీర్వాదాలు చివర్లో. ముందు తిట్లు తిను.

పోస్టువాడు నీ కవరు ఇచ్చినప్పుడు నేను గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. అక్కడే చింపాను. ఫొటో జారి చేతిలోకి వచ్చింది, నీ ఉత్తరం కవర్లోనే ఉండిపోయింది. అమ్మ ముఖం. రంగుల్లేవు. చుట్టూ నల్ల అంచు. మన దేశంలో నల్ల గీతల మధ్య మనిషి ముఖం కనిపిస్తే దానికి ఇంకో అర్థం ఉందా? నువ్వే చెప్పు. గుమ్మంలోనుంచే మీ బావను కేకేశాను.

మీ బావ నీ ఐసు ఫ్యాక్టరీకి ఫోను చేశారు. గుమస్తా ఎవడో, "ఇసాబురో గారు ఇవాళ సెలవండీ, ఏదో పనుందన్నారు" అన్నాడు. ఇంకేముంది. తల్లి పోయినవాడికి పని కాక ఏముంటుంది? నేను అడుగునున్న పెట్టె తెరిచి నల్ల కిమోనో తీశాను. కలరా ఉండల వాసనకు ఇల్లంతా తుమ్ములు. మీ బావ నల్ల టై కట్టుకుని, రాత్రి బండికి టిక్కెట్లు ఉన్నాయో లేదో కనుక్కోవడానికి బయల్దేరుతున్నారు. ఏ గంటకు పోయిందో అడుగుదామని నేను టోఫు కొట్టుకు ఫోను చేశాను. కొట్టావిడ, "ఉండండి, పిలుస్తాను" అంది. ఎవర్ని పిలుస్తుందో చెప్పలేదు. చెక్కచెప్పుల చప్పుడు వినిపించింది.

"ఎవరూ?"

"అమ్మా... నేను, కినుయెని."

"గొంతు అలా ఉందేం? ఎవరు పోయారు?"

"నువ్వే అనుకున్నాను."

"నేనా? ముల్లంగి ఇంకా ఎండందే. సరే పెట్టెయ్, వీళ్ల నూనె కాగిపోతోంది, టోఫు మాడుతుంది."

పెట్టేసింది. నేను ఆ నల్ల కిమోనోలోనే కూర్చుని ఏడ్చి, నవ్వి, తర్వాత నీ ఉత్తరం చదివాను. రెల్లు తడికెలట. గాలి పడమటిదట. చూడు అట.

నువ్వు మొదట్నుంచీ ఇంతే. పెళ్లిచూపులకు ఫొటో పంపరా అంటే ఇసకలో పడ్డ నీ నీడను ఫొటో తీసి పంపినవాడివి. "పిల్లవాడు బాగా పొడుగు" అని మధ్యవర్తి సర్దిచెప్పబోయాడు. ఆ సంబంధం ఏమైందో నీకు తెలుసు.

ఇప్పుడు నేను చెప్పేది విను. బతికున్న తల్లిని, అదీ వేడుక జరిగే ఏడు, నల్ల అంచులో పెట్టి ఊరందరికీ చూపిస్తావా? ఫుసా పిన్ని చూస్తే ఆవిడకే ఇంకో నల్ల అంచు కట్టాల్సొస్తుంది. ఆ ఫొటో గోడకు పెట్టకు. పెట్టాలనుంటే నలుపు లేకుండా పెట్టు.

గది దొరికినందుకు సంతోషం. అది నిజంగానే అంటున్నాను.

ఆశీర్వాదాలు.

అక్క
కినుయె

*

1977 నవంబరు 22, మంగళవారం
హమానో

వడగళ్లు పడ్డాయి. గాలి తగ్గలేదు. ఫ్యాక్టరీలో గొట్టాల మీద పేరుకున్న మంచు గోకాము.

అక్కయ్యకు,

భయపెట్టినందుకు క్షమించు. ఆ రోజు సెలవు పెట్టింది ఫొటో కాగితం తేవడానికి.

నల్లగా ఉన్నది ఫిల్ము అంచు. కావాలనే ఉంచాను. నా ఫొటోలన్నిటికీ ఉంటుంది. అమ్మ ఫొటోకీ ఉంటుంది.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. నల్ల కిమోనో దగ్గర బాగా నవ్వింది. "వాసన పోవాలంటే గాలికి ఆరేసి పెట్టుకోమను, ఎలాగూ తొందర్లో పనికొస్తుంది" అంది. ఈ మాట రాయనన్నాను. రాయమంది.

నేను లోపల కూర్చుని ఫొటోలు కడిగే గోడ అల్మారాలో చలి ఎక్కువైంది. మందుల పళ్లెం కింద వేడినీళ్ల సీసా పెట్టుకుంటున్నాను. అమ్మ తన పడకలో పెట్టుకునేది ఇచ్చేసింది. ఆ మందుల వెనిగరు వాసనకు, లోపల నేను చేపలు ఊరవేస్తున్నాననుకుని టోఫు కొట్టావిడ ఒక ముక్క అడిగింది.

ఫొటో నలుపుతోనే పెడతాను.

ఇసాబురో

*

1977 డిసెంబరు 11
ఒసాకా

ఇసాబురో,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చిన్న ఉత్తరం కాబట్టి కష్టమేమీ లేదు.

"కావాలనే ఉంచాను" అన్నావు. "తొందర్లో పనికొస్తుంది" అని అమ్మ చేత అనిపించావు. పడకలోకి పెట్టుకునే వేడినీళ్ల సీసా ఇంక వద్దంటోందన్నావు. నిజం చెప్పు. అమ్మకు ఒంట్లో బాగాలేదా? డాక్టరు ఏమైనా అన్నాడా? నాకు చెప్పలేక ఆ నలుపుతో చెబుతున్నావా? నీకు నోటితో చెప్పడం చేతకాదని నాకు తెలుసు. మీ బావేమో, "మీ తమ్ముడికి మనసులో ఒకటి, మాటలో ఒకటి ఉండదు, అసలు మాటే ఉండదు" అంటున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు.

జబ్బు ఉన్నా లేకపోయినా ఆ ఫొటో సంగతి నేను తేల్చేశాను. బట్టలు కోసే కత్తెర తీసుకుని నలుపు చుట్టూ కోసేశాను. వీధి చివర కొట్టులో బంగారు రంగు ఫ్రేము కొన్నాను, అసలు బంగారంలాగే ఉంది. అది కొంచెం చిన్నదైంది. ఎడమవైపు ఎలాగూ ఖాళీగా, చీకటిగా ఉంది కదా అని అటువైపు రెండు వేళ్ల వెడల్పున తీసేశాను. ఇప్పుడు అమ్మ సరిగ్గా మధ్యలోకి వచ్చింది.

ఫుసా పిన్ని వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "అక్క చూపు చూడవే, ఇక్కడ లేదు. అవతలి ఒడ్డుకు చూస్తోంది" అంది. అమ్మ కుడిచెయ్యి వెనక్కి పెట్టి నేలను తాకుతోంది కదా, అది చూపించి, "భూమికి సెలవు చెబుతోంది" అని ముక్కు చీదింది. నాకూ ఏడుపొచ్చింది. నువ్వు నిజంగా గొప్పగా తీశావురా. ఆ మాట ఒప్పుకుంటాను. నలుపు లేకపోతే ఎంత బాగుందో నువ్వే వచ్చి చూడు.

అందుకే చెబుతున్నాను. ఈ కొలతకు కోసి, ఇలాగే గోడకు పెట్టు. పెద్ద ఫ్రేము నేను పంపిస్తాను. నలుపుతో పెడితే మేమెవ్వరం రాము. పిన్ని ఆ మాట నాకంటే ముందే అనేసింది. వేడుకకు కూడా రాము, ఎందుకంటే ఒకే వారం అన్నావు కదా.

ఇంకో మాట. నీకు ఆ మొదటి కెమెరా కొనిచ్చింది ఎవరు? నేను గుర్తు చేయడం లేదు. నువ్వు గుర్తు పెట్టుకోవాలంటున్నాను.

అమ్మ సంగతి వెంటనే రాయి.

అక్క

*

1978 ఫిబ్రవరి 12, ఆదివారం
హమానో

మంచు. రాత్రినుంచి ఆగలేదు. పొద్దున కప్పు మీది మంచు పారతో దింపాను, మళ్లీ నిండింది.

అక్కయ్యకు,

అమ్మకు ఏ జబ్బూ లేదు. డాక్టరు మొన్న ఆమెకు రక్తపోటు చూసి, తన రక్తపోటు ఎక్కువని చెప్పుకుని వెళ్లాడు. వేడినీళ్ల సీసా నాకు ఇవ్వడం మాత్రం నిజం. ఇప్పుడు ఇంకోటి కొన్నాను.

నూతన సంవత్సరం కార్డులో అచ్చువేసిన మాటలు తప్ప ఏమీ రాయలేదు. డిసెంబరులో ఒక ఉత్తరం రాసి పొయ్యిలో వేశాను. నువ్వు ఫొటో కోశావని చదివిన రోజు నా రోజువారీ పుస్తకంలో వాతావరణం కూడా రాయలేదు. అది మొదలుపెట్టాక అలాంటి రోజు అదొక్కటే.

నాకు చెప్పడం చేతకాదన్నావు. ప్రయత్నిస్తాను.

నాకు పదహారేళ్లప్పుడు నువ్వు నూలు మిల్లు నుంచి సెలవుకు వచ్చి ఆ కెమెరా చేతిలో పెట్టావు. పాతది, పైన తోలు ఊడిపోయింది. "ఇది పెట్టుకుని చూసుకుంటూ ఉండు, రేవులో పోట్లాటలకు పోకు" అన్నావు. మర్చిపోలేదు. అప్పటినుంచి చూసుకుంటూనే ఉన్నాను. యుద్ధానికి పిలుపొచ్చినప్పుడు అమ్మ దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. నేను తిరిగి వచ్చేసరికి డబ్బాలో బియ్యం లేదు, కెమెరా ఉంది.

అప్పుడు ఫిల్ము దొరికేది కాదు. ఖాళీ కెమెరాతోనే తీసేవాణ్ని. కంటికి ఆనించి, ఏది లోపల ఉండాలో, ఏది బయట ఉండాలో తేల్చుకుని, మీట నొక్కేవాణ్ని. ఏమీ వచ్చేది కాదు. అయినా రేవు అంతా అలా తీశాను. ఊళ్లోవాళ్లు నాకు యుద్ధంలో మతి చెడిందనుకున్నారు. నేను నేర్చుకున్నదంతా ఆ రోజుల్లోనే నేర్చుకున్నాను. నేను ఐసు దిమ్మలు లాగే మనిషిని. పదిమందిలో మాట్లాడలేను. నాలుగు అంచులు ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పగలను. నేను నాదని చెప్పగలిగింది అదొక్కటే.

ఫిల్ము మీది బొమ్మను కాగితం మీద పెద్దదిగా వేసే ఎన్‌లార్జరులో ఫిల్ము బిగించే రేకు ఉంటుంది. దాని కిటికీ ఫిల్ము మీది బొమ్మకంటే కొంచెం చిన్నదిగా వస్తుంది, చుట్టూ కాస్త మింగేస్తుంది. నేను ఆకురాయితో అరగదీసి ఆ కిటికీని పెద్దది చేశాను. అందువల్ల బొమ్మ మొత్తం పడుతుంది, దాని అవతల ఫిల్ము అంచు నల్ల గీతగా పడుతుంది. తీసినప్పుడు ఏం చూశానో అంతా ఇక్కడ ఉంది, తర్వాత ఎవరూ ఏదీ కోయలేదు అని ఆ గీత చెబుతుంది. నా సంతకం అనుకో. చావుతో దానికి సంబంధం లేదు. ఈ ముక్క నవంబరులోనే రాయాల్సింది. రాయలేదు.

పత్రిక పోటీలకు ఏళ్ల తరబడి పంపాను. "పక్కన కాస్త కోసి ఉంటే బహుమతి వచ్చేది" అని చాలాసార్లు రాశారు. కోయలేదు, బహుమతీ రాలేదు. పోయిన నెల ఒబా గారు కూడా అమ్మ ఫొటో చూసి అదే అన్నాడు. ఎడమవైపు తీసేస్తే ముఖం నిండుగా వస్తుందన్నాడు. తీయనన్నాను. "అయితే మెట్ల పక్కన పెట్టు, ఎదురుగోడకు వద్దు" అన్నాడు. ఎదురుగోడకే పెడతానన్నాను. టీ చల్లారిపోయింది. చివరికి, "గది ఇస్తానన్నాను కాబట్టి గోడలు కూడా ఇచ్చినట్టే, నీ ఏడుపు నువ్వు ఏడు" అన్నాడు.

నువ్వు కోసిన ముక్కలో ఏముందో రాయను. రాసి చెప్పగలిగిందైతే ఫొటో తీసేవాణ్నే కాదు.

అమ్మను అడిగాను. అక్కయ్యవాళ్లు రామంటున్నారు, ఏం చేయమంటావని. ముల్లంగి ఊరగాయ తరుగుతోంది.

"నలుపు తీసేస్తే వస్తారా?"

"వస్తారట."

"తీస్తావా?"

"తీయను."

"మరి నన్నెందుకు అడగడం? పని చెడగొట్టడానికా?" కాసేపు తరిగి మళ్లీ అంది, "నేను చచ్చాక పెట్టే ఫొటో ఊరంతా చూస్తుంది, నేనొక్కదాన్నే చూడను. ఇదైతే నేనూ చూస్తాను. నాకు కుర్చీ వేయించు, నిలబడి చూడలేను."

ఒబా గారికి కుర్చీ సంగతి చెప్పాను.

మీరు వస్తే సంతోషిస్తాను. రాకపోతే అమ్మ వేడుక ఇక్కడ నేను చేస్తాను. ఫొటో మొత్తం ఉంటుంది, నలుపు ఉంటుంది, ఎదురుగోడ మీద ఉంటుంది. ఇందులో మార్పు లేదు.

కప్పు మళ్లీ నిండిపోయింది. పైకెక్కాలి.

ఇసాబురో

*

1978 మార్చి 19
ఒసాకా

ఒరే దొంగవెధవా,

ఇంత పెద్ద ఉత్తరం నువ్వు రాయగలవని తెలిస్తే ఇన్నేళ్లూ నీకు తపాలా బిళ్లలు నేనే పంపేదాన్ని.

చదివాక మూడు వారాలు నీమీద కోపంగానే ఉన్నాను. దాచను. "మార్పు లేదు" అని అక్కకు రాస్తావా? రానే రాను అనుకున్నాను. కానీ అమ్మకు పసుపు కోటు కుట్టి పంపించడం నా బాధ్యత కదా, వేడుకకు అమ్మ అది వేసుకోవాలి. నేను రాకపోయినా కోటు రావాలి. అందుకని కుట్టడం మొదలుపెట్టాను.

నేను గట్టి కాగితం ఏదీ పారేయనని నీకు తెలుసు. నీ ఫొటో నుంచి కోసిన ముక్కల్లో ఎడమవైపుది వెడల్పుగా ఉందని దాచి, దాని మీద పసుపు పట్టుదారం చుట్టి పెట్టుకున్నాను. అప్పుడు దానివైపు చూడనే లేదు. నా కంటికి అది నల్లటి అట్టముక్క.

కోటు కుడుతూ ఉంటే దారం తరుగుతూ వచ్చింది. మెడపట్టీ అయ్యేసరికి దారం కింద ఏదో బూడిదరంగు గీత వంకరగా కనిపించింది. మరకేమో అనుకున్నాను. అంచులు కుట్టేసరికి ఆ గీత తోక అయింది. నేను సూది పక్కన పెట్టి మిగతా దారమంతా ఒళ్లో విప్పేశాను.

పిల్లి. వెనక సగమే ఉంది, ముందు సగం ఎప్పుడో ఫొటో బయటికి పారిపోయింది. వెనక కాళ్లు రెండూ గాల్లో ఉన్నాయి. దాని వెనకాల, తాడుతో సహా ఈడ్చుకుపోతుంటే, ఒక చేప గాల్లో ఊగుతోంది.

బంగారు ఫ్రేము దించి, ఆ ముక్కను అద్దం పక్కన ఆనించి చూశాను. అమ్మ ముఖం మారిపోయిందిరా. ఒక్క గీత కదల్లేదు, ముఖం మారిపోయింది. ఆ ముఖం నాకు తెలుసు. పక్కింటివాళ్ల పండ్లు కోసుకుని గోడ దూకుతూ నువ్వు దొరికిపోయినప్పుడు అదే ముఖం. పెదాలు బిగించి, అరవకుండా, గురి చూసుకుంటుంది. భూమికి సెలవట. ఆ చెయ్యి వెనక్కి పెట్టి చెక్కచెప్పు కోసం తడుముతోంది.

ఒక్కదాన్నే ఇంట్లో పడి పడి నవ్వాను. మీ బావ పరిగెత్తుకొచ్చి, మళ్లీ ఎవరైనా పోయారా అన్నారు.

తర్వాత నవ్వు ఆగిపోయింది. నలుపు చావుది అని కోసేసింది నేను. కోశాక చూస్తే నిజంగా చావుబొమ్మలా తయారైంది. దాని ముందు నేనూ పిన్నీ కూర్చుని ఏడ్చాం. నువ్వు పంపినప్పుడు అందులో అమ్మ చెప్పు విసరబోతోంది. నువ్వు రెండు నెలలు ఎందుకు రాయలేదో అప్పుడు తెలిసింది.

పిన్నికి ముక్క చూపించాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసి, "తగిలిందా మరి?" అంది. నాకేం తెలుసు అన్నాను. "అడుగుదాం, టిక్కెట్లు తీయించు" అంది.

వస్తున్నాం. ముగ్గురం. నాకు ఇంకో ఫొటో వెయ్యి, మొత్తం ఉన్నది. నల్ల అంచుతోనే. నాకు ఆ నలుపు ఇప్పటికీ నచ్చలేదు, నలుపు నలుపే. కానీ అది నీదైతే ఉండనీ.

ఒక్క షరతు. వేడుక రోజు అందరినీ వరసగా కూర్చోబెట్టి, అందరూ కెమెరా వైపు చూస్తుండగా, రంగుల్లో, మామూలు మనుషులు తీసుకునే ఫొటో ఒకటి తీయాలి. నీడలూ తోకలూ వద్దు. నువ్వు కూడా అందులో ఉండాలి. మన ఇంట్లో నీ ముఖం ఉన్న ఫొటో ఒక్కటి కూడా లేదని నీకెప్పుడైనా తట్టిందా?

అమ్మతో చెప్పు, కోటు కొంచెం వదులుగా కుట్టాను. చెయ్యి విసరడానికి వీలుగా ఉంటుంది.

ఆశీర్వాదాలతో
అక్క

*

1978 ఏప్రిల్ 30, ఆదివారం
హమానో

ఎండ. గాలి లేదు. తడికెలు విప్పి, తుడిచి, కొట్టంలో పేర్చాను.

అక్కయ్యకు,

మీరు క్షేమంగా చేరినట్టు బావగారి కార్డు అందింది. పిన్ని బండిలో మర్చిపోయిన గొడుగు స్టేషనువాళ్లు తెచ్చి టోఫు కొట్టులో ఇచ్చారు. పంపిస్తాను.

గది మొన్న ఖాళీ చేశాను. మేకుల గుర్తులు పుట్టీతో పూడ్చాను. ఫొటోలు విడివిడిగా కాగితాల్లో చుట్టి ఇంటికి తెచ్చాను. గోడలు ఖాళీ అయ్యాక ఒబా గారు వచ్చి ఎదురుగోడ ముందు నిలబడి, "ఇప్పటికీ నేనైతే కోసేవాణ్ని" అన్నాడు. వచ్చే ఏడు కూడా ఏప్రిల్లో గది అడిగాను. ఆలోచిస్తానన్నాడు. ఇస్తాడు.

మీరు వెళ్లిన మర్నాడు జరిగింది మీకు తెలియదు. అమ్మ పొద్దున్నే పసుపు కోటు వేసుకుని కూర్చుంది. "ఎక్కడికి?" అన్నాను. "అక్కడికే. నిన్న మీ గోలలో సరిగ్గా చూడలేదు" అంది. బస్సులో తీసుకెళ్లి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టాను. మధ్యాహ్నం ఒక పడుచు జంట వచ్చారు, ఈ ఊరివాళ్లు కాదు. అమ్మ ఫొటో ముందు నిలబడి గొంతు తగ్గించుకున్నారు. ఆ అమ్మాయి, "పాపం ముసలామె, ఎటో చూస్తోంది. ఒంటరిదేమో" అంది. వెనక కుర్చీలో ఉన్నదెవరో వాళ్లు చూసుకోలేదు.

అమ్మ లేచింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. దగ్గరికెళ్లి అద్దం మీద ఎడమ అంచున వేలు పెట్టింది.

"ఇక్కడ చూడమ్మా."

ఆ అబ్బాయికి ముందు కనిపించింది. గట్టిగా నవ్వాడు. ఆ అమ్మాయి ఫొటో వైపు, అమ్మ వైపు మార్చి మార్చి చూసి, "మీరేనా మామ్మగారూ?" అంది. తర్వాత పిన్ని అడిగిందే అడిగింది. "తగిలిందా?"

"గోడకు తగిలింది. చెప్పు పగిలింది" అంది అమ్మ. "ఇదిగో వీడు ఆ డబ్బా కంటికి పెట్టుకోకుండా ఒక్క అడుగు అటు వేసుంటే చేప దక్కేది. పిల్లి పోతుంటే నొక్కుకుంటూ నిలబడ్డాడు. చిన్నప్పట్నుంచీ ఇంతే. అన్నీ పోతుంటే నిలబడి చూస్తాడు."

వాళ్లిద్దరూ నా వైపు చూశారు. నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. అమ్మ మళ్లీ కుర్చీలో కూర్చుని, వాళ్లకే అన్నట్టు, "బాగా తీశాడు, కదూ" అంది. నా ఫొటోల గురించి అమ్మ ఆ మాట అనడం మొదటిసారి విన్నాను. రోజు పుస్తకంలో రాసుకున్నాను. నీక్కూడా రాస్తున్నాను.

నువ్వు అడిగినవి పంపుతున్నాను. అమ్మ ఫొటో మొత్తం ఉన్నది ఒకటి. దీనికి కాగితం కొంచెం గట్టిది వాడాను. దారం చుట్టుకోవద్దు.

వేడుక రోజు ఫొటో రంగుల్లో ఉన్నది ఒకటి. అందరూ కెమెరా వైపే చూస్తున్నారు. నేను బావగారి వెనకాల ఉన్నాను, గడ్డం కనిపిస్తుంది. పిన్ని కళ్లు మూసుకుంది, అది నేనేమీ చేయలేను. పట్నంలో కడిగించాను. షరతు తీరింది.

మూడోది నువ్వు అడగలేదు. అదే రోజు నా పాత కెమెరాతో తీసింది. కెమెరాను బట్టలుతికే బండ మీద పెట్టి, టైమరు తిప్పి పరిగెత్తాను. ముందురోజు వానకు నాచు ఉంది, జారాను. ఎడమ అంచున నేను సగమే పడ్డాను. ఒక కాలు గాల్లో, ఒక చెయ్యి, చొక్కా కొస. మిగతా నేను బయట ఉన్నాను. మీరందరూ పడేవాణ్ని చూసి నోళ్లు తెరుచుకున్నారు. అమ్మ ఒక్కతే తెరవలేదు. పెదాలు బిగించి, అదే ముఖంతో నా కాలు వైపు చూస్తోంది. కుడిచెయ్యి వెనక్కి ఉంది. నువ్వు కుట్టిన కోటు నిజంగానే వదులుగా ఉంది.

నా ముఖం ఉన్న ఫొటో లేదన్నావు. ఇందులోనూ లేదు. అయినా నన్ను తీసినవాటిలో ఇదే సరైనది. వచ్చే ఏప్రిల్లో ఎదురుగోడకు ఇది. చుట్టూ నల్ల అంచు ఉంది. ఫ్రేము చాలకపోతే పెద్ద ఫ్రేము కొను.

ఈ శరదృతువుతో ఫ్యాక్టరీలో నా పని అయిపోతుంది. ఆ తర్వాత పగటి వెలుతురు మొత్తం నాదే. రేవులో ఖాళీ కెమెరాతో తీసినవాటిని మళ్లీ మొదట్నుంచి, ఈసారి ఫిల్ముతో తీయాలని ఉంది. రేవు మారింది, పడవలు మారాయి. నేను నిలబడిన చోట్లు గుర్తున్నాయి. ఫిల్ము కడిగే మందు ఇప్పుడే కలిపి పెట్టాను. ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేయలేదు. మొదలుపెడతాను.

ఇవాళ్టి పనులు. తడికెలు, పైన రాశాను. నువ్వు కుట్టిన కోటు ఎండలో ఆరేసి మడతపెట్టాను. ఫొటోలు కడిగే పళ్లేలు తోమాను. అమ్మ పెరట్లో కూర్చుని చేపలు కోసి తాడుకు గుచ్చుతోంది, ఇక్కడినుంచి కనిపిస్తోంది. జాలీ పెట్టెకు మళ్లీ అదే మూల చిల్లు పడింది. సూది, దారం తెచ్చుకుని కుడదామని కూర్చున్నాను కానీ, గోడ మీద అదే తోక...